పగడంలో మొదటి రెండు అక్షరాలు

మా కాలేజీలో జరిగిన సంతాప సభలో ముగ్గురు వక్తలు ఆవిడను అజాతశత్రువు అన్నారు. నాలుగో ఆయన క్షమాగుణానికి మారుపేరు అన్నారు. నేను మూడో వరుసలో కూర్చుని ఉన్నాను. లేచి కాదని చెప్పాలనిపించింది గాని, సభలో మాట్లాడాలంటే ముందుగా పేరు ఇవ్వాలి, నేను ఇవ్వలేదు. ఇంటికి వచ్చి, స్నానం చేసి, ఇది రాయడానికి కూర్చున్నాను.

ఆవిడకు శత్రువు ఉన్నాడు. ఒక్కడే. ఆ ఒక్కణ్ణీ ఆవిడ ఇరవై ఏళ్ళపాటు, కొందరు పెరట్లో కరివేపాకు మొక్కను చూసుకున్నట్టు చూసుకున్నారు. నీళ్ళు పోశారు, పాదు చేశారు, మేకలు కొరక్కుండా చుట్టూ కంప కట్టారు. అలాంటి మనిషికి క్షమాగుణం అంటగట్టడమంటే, కష్టపడి పెంచుకున్నదాన్ని ఆవిడ పోగానే ఎత్తుకుపోవడమే. ఆవిడ బతికుండగా ఒకసారి దొంగతనం జరిగింది. పోయాక రెండోసారి జరుగుతుంటే చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు.

నేను కాకినాడలో ఒక కాలేజీకి ఆఫీసు సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాను. ఆవిడ అక్కడే జువాలజీ లెక్చరరు. పేరు రాయను. తన పేరు ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో ఆవిడే తేల్చుకున్నారు. దాన్ని మార్చే హక్కు నాకు లేదు.

పొట్టి మనిషి. గొడుగును పిడి దగ్గర కాకుండా నడుము దగ్గర పట్టుకుని, కర్రలా ఊపుకుంటూ నడిచేవారు. వాన పడితే ఆ గొడుగు తెరవడం నేను చూడలేదు. "తడిస్తే ఏమవుతుందండీ, నేను సముద్రం చదివినదాన్ని" అనేవారు. పిల్లలు ఆవిడను పగడాల మేడమ్ అని పిలిచేవారు. సిలబస్‌లో పగడానికి ఉన్నది రెండు పేరాలు. ఆవిడ దానికి వారం తీసుకునేవారు. ఒకసారి టైమ్‌టేబుల్ పని మీద వెళ్ళి క్లాసు గుమ్మం దగ్గర నిలబడిపోయాను.

"పగడం రాయి కాదు, చెట్టు కాదు. ఆవగింజంత జీవాలు ఒకదాన్నొకటి ఆనుకుని కట్టుకున్న ఊరు అది. కట్టినవి చచ్చిపోతాయి, ఊరు మిగులుతుంది. ఆ గోడల మీద వాటి పిల్లలు మళ్ళీ కట్టుకుంటాయి. అలా ఎంత పెరుగుతుందంటే, ఓడ దానికి తగిలితే పగిలేది ఓడ."

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖంలో కనిపించిన ఆనందం జువాలజీకి సంబంధించింది కాదని నాకు తర్వాత అర్థమైంది.

మా వైపు ఆడవాళ్ళు మంగళసూత్రానికి నల్లపూసలతో పాటు పగడాలు గుచ్చుకుంటారు. ఆవిడ మెళ్ళో నల్లపూసలే ఉండేవి. "ఇంకొకరి ఇల్లు పగలగొట్టి నేను మెళ్ళో వేసుకోలేనండీ" అనేవారు. అయినా కాలేజీలో ఎవరికి పగడాల మీద అనుమానం వచ్చినా ఆవిడ దగ్గరికే తెచ్చేవారు. నిమ్మరసం ఒక చుక్క వేసేవారు. నిజం పగడమైతే సన్నగా బుడగలు లేస్తాయి. ఒక దీపావళి ముందు మా ఆవిడ కూడా తన మెళ్ళోవి విప్పి తీసుకెళ్ళింది. చుక్క పడింది. బుడగ లేవలేదు.

"ఇవి మా అమ్మ పెట్టినవండీ" అంది మా ఆవిడ, ఏడుపు గొంతుతో.

"మీ అమ్మగారు పుణ్యాత్మురాలండీ. ప్లాస్టిక్ పెట్టారు. ఒక్క ప్రాణీ చావలేదు."

మా ఆవిడ చాలా రోజులు మేడమ్‌తో మాట్లాడలేదు. మేడమ్ అది గమనించలేదు కూడా. ఆవిడకు తన మీద కోపగించుకునే మనుషులు అక్కర్లేదు. తను కోపగించుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు, అది చాలు.

స్టాఫ్ రూములో ఆయన ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఆవిడ గొంతు మారిపోయేది. గురువుగారు అనేవారు. ఆ 'గారు' మీద పడే ఒత్తిడికి బల్ల మీద టీకప్పులు కదిలేవేమో అనిపించేది. మా తెలుగు మాస్టారు ఒకరోజు అడిగేశారు.

"మేడమ్, ఇంత మెత్తగా పాఠం చెప్తారు. ఆయన మాట వస్తే అలా అయిపోతారేంటండీ?"

"పగడం అన్న మాటలోనే ఉంది కదండీ మాస్టారూ. మొదటి రెండు అక్షరాలు చూసుకోండి. తెలుగు లెక్చరరు మీరు, నేను చెప్పాలా?"

ఆ రెండు అక్షరాల కథ ఇది.

చదువుకునే రోజుల్లో ఆవిడ దక్షిణాన ఒక సముద్ర పరిశోధన సంస్థలో, ఒక ప్రొఫెసరు కింద రీసెర్చి స్కాలరు. అక్కడ పగడపు దిబ్బలు ఒడ్డుకు దగ్గర్లోనే ఉంటాయి. వేసవి సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు ఉప్పాడ వెళ్ళారు. దూరంగా, గోదావరి బురద చేరని చోట, సముద్రం అడుగున రాళ్ళున్నాయి. అక్కడ వల వేస్తే చిరుగుతుందని మన జాలర్లు తప్పించుకు పోతారు. ఆరోజు ఎవరిదో వల ఆ రాళ్ళకు తగిలి చిరిగింది. చిరుగులో ఒక ముక్క ఇరుక్కుని వచ్చింది. వాళ్ళు విసిరేశారు, ఈవిడ ఏరుకున్నారు. పగడం. బతికున్న పగడం. దాన్ని హార్లిక్స్ సీసాలో స్పిరిట్ పోసి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళి గురువుగారి ముందు పెట్టారు.

ఆయన నవ్వారట. "గోదావరి దగ్గర పగడమా అమ్మాయీ? బురదలో పగడం బతకదని మొదటి ఏడాదే చెప్పాను కదా. మీ ఊళ్ళో ఎవరో మెళ్ళోది తెంపి పారేసి ఉంటారు."

గదిలో ఉన్న మిగతా స్కాలర్లు కూడా నవ్వారు. సీసా ఆయన అలమారలో ఉండిపోయింది. ఆ తర్వాత ఒక పెద్ద సభలో ఆయన లేచి, తూర్పు తీరంలో నదీముఖానికి ఉత్తరాన తాను స్వయంగా సేకరించిన జీవపగడం అని చూపించారు. అదే ముక్క, అదే సీసా. ఈవిడ పేరు రాసి అంటించిన లేబులు మాత్రం గోకేశారు. ఈవిడ వెనక వరుసలో కూర్చుని ఉన్నారు. సభ అయ్యాక దగ్గరికి వెళ్ళి, "అది నా సీసా అండీ" అన్నారు.

ఆయన ముక్కను తీసి తన పెట్టెలో పెట్టుకుని, ఖాళీ సీసా ఈవిడ చేతిలో పెట్టారు. "నిజమేనమ్మా, సీసా నీదే. తీసుకెళ్ళు."

ఆవిడ డాక్టరేటు పూర్తి చేయకుండానే వచ్చేశారు. ఆ సీసా మా కాలేజీలో ఆవిడ టేబుల్ మీద ఉండేది. అందులో సుద్దముక్కలు వేసుకునేవారు. నేను దీన్ని ఏ తేదీన విన్నానో డైరీలో ఉంది. విన్నప్పుడు నాకు ఎంత ఒళ్ళు మండిందో అందులో లేదు. "మీరు అన్నీ రాసుకుంటారు, నేను ఒక్క ముక్క కూడా రాసుకోను" అన్నారు ఆవిడ ఆరోజు. "రాస్తే చప్పబడిపోతుందండీ."

రాయకపోవడమంటే ఊరుకోవడం కాదు. ఏటా సెప్టెంబరులో, ఉపాధ్యాయ దినోత్సవానికి అందేలా, గురువుగారికి ఒక గ్రీటింగ్ కార్డు పంపేవారు. లోపల ఒకే వాక్యం: 'తమరు నేర్పిన పాఠం మరచిపోలేదు.' దాన్ని రిజిస్టర్ పోస్టులో, ముట్టినట్టు రసీదుతో పంపే పని నాది. రసీదు తిరిగి రాగానే ఆవిడ ఆఫీసుకు వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని ఆయన సంతకం పరీక్షగా చూసేవారు.

"ఈ ఏడు చెయ్యి కాస్త వణికిందండీ."

"పోస్ట్‌మాన్ నిలబెట్టి సంతకం చేయించుంటాడండీ."

"అలా తీసెయ్యకండి. నాకున్నది ఈ ఒక్క పండగే."

ఆయన మాత్రం ఆ కార్డులను వచ్చినవాళ్ళందరికీ చూపించి, ఇప్పటి పిల్లల్లో ఇంత గురుభక్తి ఎక్కడుంది అని మురిసిపోయేవారని ఎవరో చెప్పారు. అది విన్నరోజు ఆవిడ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుని, నీళ్ళు తాగి మళ్ళీ నవ్వారు. అంతకు మించి ఆవిడ చేయగలిగింది అప్పటికి ఏమీ లేదు. ఆయన పెద్ద కమిటీల్లో ఉన్నారు. ఈవిడ బీఎస్సీ పిల్లలచేత బొద్దింకలు కోయిస్తున్నారు.

తొంభైల చివర్లో ఒక విదేశీ ట్రస్టు సంగతి తెలిసింది. వెనకబడిన దేశాల్లో పగడపు దిబ్బల రక్షణకు, పరిశోధనకు వాళ్ళు సాయం చేస్తారు. ఒకటే షరతు. ఆ తీరం మనుషులే ఆ పని నడపాలి. బయటి నుంచి పడవేసుకుని వచ్చి, ముక్కలు ఏరుకుని, పేరు పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళకు ఇవ్వరు. ఆ కాగితం చదివి ఆవిడ ఆఫీసుకు పరుగున వచ్చారు. పరిగెత్తడం నేను చూసింది అదొక్కసారే.

"చూశారా? ఇన్నాళ్ళూ మన సముద్రంలో మనం కూలీలమండీ. ముక్క మనం తీస్తే పేరు వాళ్ళు పెట్టుకున్నారు. ఇప్పుడు వీళ్ళే అంటున్నారు, మీరే నడపండని."

ఆవిడ కోరిక పెద్దదేమీ కాదు. ఉప్పాడ అవతల ఆ రాళ్ళ మీద పగడం ఉందని, తన పేరుతో, తన సంతకంతో ఒక్కసారి లోకానికి చెప్పాలి. అంతే. మా కాలేజీలోనే జూనియర్ లెక్చరరుగా చేరిన నూకరాజు ఆవిడ పాత విద్యార్థి, ఉప్పాడ వాడు. అతనితో కలిసి ఆవిడ దరఖాస్తు రాశారు. ట్రస్టు నుంచి మంచి జవాబు వచ్చింది. పని నచ్చిందన్నారు. నడిపే మనిషి ఎవరో తేల్చడానికి తమ ప్రతినిధి వస్తారన్నారు. ఈలోగా, స్థానికులు అంటే మీ ఉద్దేశంలో ఎవరో స్పష్టంగా రాసి పంపమన్నారు.

ప్రిన్సిపాల్ గారు ఆ ఉత్తరం నా బల్ల మీద పెట్టారు. "సూపరింటెండెంటు గారూ, లోకల్ అంటే ఏంటో రూలు మీకు కంఠస్థమే కదా. రాసేయండి."

కంఠస్థమే. మా ఆఫీసుల్లో లోకల్ అన్న మాటకు అర్థం ఒకటే. అడ్మిషనైనా ఉద్యోగమైనా, ఏ ఊళ్ళో పుట్టావని ఎవరూ అడగరు, ఎక్కడ బడికి వెళ్ళావని అడుగుతారు. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు తెమ్మంటారు. అందులో ఎక్కువ ఏళ్ళు ఈ జిల్లాల్లో చదివితే లోకల్, లేకపోతే నాన్‌లోకల్. నేను దాన్నే శుభ్రంగా ఇంగ్లీషులో టైపు చేయించాను. సముద్రం గురించి అడిగితే బడి గురించి చెప్పానని నాకు తట్టలేదు, ప్రిన్సిపాల్ గారికీ తట్టలేదు. ఆయన సంతకం పెట్టారు. వాళ్ళ దగ్గర్నుంచి మెచ్చుకుంటూ జవాబు వచ్చింది. ఇన్ని దేశాలవాళ్ళను ఈ ప్రశ్న అడిగితే, తడుముకోకుండా జవాబు చెప్పింది మీరేనన్నారు.

అదే ఉత్తరంలో ఇంకో సంగతి ఉంది. ఈ దేశంలో పగడాల మీద పేరున్న నిపుణుడు కదా అని, మా దరఖాస్తు మీద అభిప్రాయం చెప్పమని గురువుగారికి పంపారట. ఆయన చాలా ఉదారంగా స్పందించారట. పని మంచిదే గాని అనుభవం ఉన్న నాయకత్వం కావాలన్నారట. తానూ గోదావరి ప్రాంతం వాడినేనని, రిటైరయ్యాను కనుక ఆ బాధ్యత తీసుకోవడానికి సిద్ధమని రాశారట. ప్రతినిధి వచ్చే రోజు ఆయన కూడా వస్తున్నారు.

ఆవిడ ఉత్తరం మడిచి నాకు తిరిగి ఇచ్చేశారు. గొడుగు మాత్రం నా బల్ల పక్కన మర్చిపోయి వెళ్ళారు.

ఆ రోజు కూర్చునే కమిటీ కోసం నేను అందరి కాగితాలూ సిద్ధం చేస్తుంటే అప్పుడు కనిపించింది. ఆవిడ సర్వీసు రిజిస్టరులో బడి చదువంతా ఖరగ్‌పూరు. నేను గొడుగు పట్టుకుని లేబొరేటరీకి వెళ్ళాను.

"మేడమ్, ఒక చిక్కు వచ్చిందండీ."

"మీరు చిక్కు అన్నారంటే చిన్నది కాదు. చెప్పండి."

"మీరు బడి ఖరగ్‌పూర్లో చదివారు కదండీ. మనం రాసిన రూలు ప్రకారం మీరు నాన్‌లోకల్."

"మాది ద్రాక్షారామం పక్కనండీ. నాన్నగారు రైల్వేలో చేశారు కాబట్టి అక్కడ చదివాను. మా తాత ముత్తాతలందరూ ఆ పొలాల్లోనే పోయారు."

"తాత ముత్తాతలకు స్టడీ సర్టిఫికెట్లు ఉండవు కదండీ. అయినా ఇప్పుడు మించిపోయిందేమీ లేదు. పొరపాటున రాశామని ఇంకో ఉత్తరం పంపుదాం. బడి తీసేసి సొంత ఊరు అని పెడదాం. అప్పుడు మీరు లోకలే."

"పెట్టండి మరి" అన్నారు. నేను గుమ్మం దాకా వచ్చాను. వెనక నుంచి పిలిచారు. "ఆగండాగండి. సొంత ఊరు అంటే, గురువుగారిది పెనుగొండ కదండీ."

"అలాగాండీ?"

"చదువంతా మద్రాసు. మద్రాసు బడి, మద్రాసు కాలేజీ అని మాకు రోజూ చెప్పుకునేవారు." ఆవిడ సీసాలోంచి ఒక సుద్దముక్క తీసి వేళ్ళ మధ్య తిప్పారు. "అంటే ఊరు పెడితే ఇద్దరం లోపల. బడి పెడితే ఇద్దరం బయట."

"లోపలికి వస్తే మీరూ ఉంటారు కదండీ మేడమ్."

"ఉంటాను. ఆయన పెద్దాయన, ఆయన ఉన్నచోట ఆయనే నడుపుతారు. నేను వెనక వరుసలో కూర్చుంటాను. ఒకసారి కూర్చున్నానండీ, ఆ కుర్చీ ఎలా ఉంటుందో తెలుసు."

"ఇన్నేళ్ళు ఎదురుచూసింది దీనికోసం కదండీ. మీ పేరు పడాలని."

ఆవిడ కిటికీలోంచి గ్రౌండులో పిల్లలు వాలీబాల్ ఆడుతుంటే చూస్తూ ఉన్నారు. నేను వెళ్ళిపోదామా అనుకుంటుండగా, సుద్దముక్కను సీసాలో వేసేశారు.

"రూలు అలాగే ఉండనివ్వండి. మార్చారంటే మీ మీద కూడా పెట్టుకుంటాను. సెప్టెంబరులో మీకూ కార్డు వస్తుంది."

నూకరాజును ఆవిడే పిలిపించారు. నేను అక్కడే ఉన్నాను. నాలుగు నుంచి పది దాకా సర్టిఫికెట్లు తెచ్చుకో, ఈ పని నువ్వు నడుపుతున్నావు అన్నారు.

"నేనేంటి మేడమ్? మీరుండగా నేనేంటండీ?"

"నేనుండను."

"మీరు లేకపోతే నేను చెయ్యనండీ. నాకేం తెలుసని?"

"ఆ రాళ్ళ దగ్గరికి మీ నాన్న పడవ వెళ్తుంది. పగడం గురించి నేను చెప్పాను. మిగతాది నేర్చుకో. నేను దిగిపోయింది ఎవరికోసమో నీకు చెప్తే నువ్వు భయపడతావు, అందుకని ఆయ్ అని ఊరుకో."

"ఆయ్" అన్నాడు నూకరాజు, ఏడవలేక.

ప్రతినిధి వచ్చిన రోజు ప్రిన్సిపాల్ గారి గదిలో కుర్చీలు వేయించింది నేనే. ట్రస్టు తరఫున వచ్చిన ఆవిడ శ్రీలంక మనిషి, తక్కువ మాట్లాడి ఎక్కువ వినే రకం. గురువుగారు కారు దిగి, పిలవకుండానే పెద్ద కుర్చీ వైపు నడిచారు. మంచి ఒడ్డూ పొడుగూ, తెల్లటి జుట్టు. ఉంగరపు వేలికి బంగారంలో పొదిగిన పగడం ఉంది, శనగగింజంత. ఎందుకు పెట్టుకున్నారో అడగక్కర్లేదు, మా వైపు కుజదోషం ఉన్నవాళ్ళందరి వేలికీ అదే ఉంటుంది. అయితే వాళ్ళెవరూ పగడపు దిబ్బల రక్షణకు నాయకత్వం వహించడానికి రారు. శ్రీలంక ఆవిడ చూపు ఆ ఉంగరం మీద ఆగి, కదిలింది. మా మేడమ్ చూపు ఆగింది, కదల్లేదు.

"ఈ అమ్మాయి నా శిష్యురాలేనండీ" అన్నారు ఆయన ప్రిన్సిపాల్ గారితో. "ఏటా నాకు కార్డు రాస్తుంది. గురువంటే ప్రాణం."

"ఆయన దగ్గరే నేర్చుకున్నానండీ" అన్నారు ఆవిడ.

ఆయన ఇంగ్లీషులో తన జన్మభూమి గురించి, గోదావరి నీళ్ళు తన ఒంట్లో ప్రవహించడం గురించి, కడపటి వయసులో పుట్టిన గడ్డకు ఏదైనా చేయాలనే తపన గురించి చెప్పారు. బాగా చెప్పారు. ప్రిన్సిపాల్ గారి కళ్ళు చెమర్చాయి. చెప్పడం అయ్యాక మా మేడమ్ నావైపు తిరిగారు.

"సూపరింటెండెంటు గారూ, గురువుగారి కాగితాలు చూసేయండి, పాపం ఎండనపడి వచ్చారు."

నేను ఫైలు తెరిచాను. "సార్, తమరి స్టడీ సర్టిఫికెట్లు కావాలండీ. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా."

"ఏంటి?"

"తమరు బడి ఎక్కడ చదివారండీ?"

"ఈ వయసులో నన్ను నాలుగో తరగతి సర్టిఫికెట్ అడుగుతారేంటయ్యా? నా పేరు మీద..."

"ఆరో తరగతి నుంచి ఉన్నా ఫరవాలేదండీ."

శ్రీలంక ఆవిడ తన దగ్గరున్న కాగితం తీసి, ఇది మీ కాలేజీ రాసిన నియమమే కదా, అందరికీ ఒకటే కదా అని అడిగారు. ఒకటేనండీ అన్నారు ప్రిన్సిపాల్ గారు, కళ్ళు తుడుచుకుంటూ. గురువుగారు మద్రాసు అని ఒప్పుకోక తప్పలేదు. నేను ఇరవై ఏళ్ళుగా అంటున్న మాటను, ఎన్ని వేలమంది పిల్లల ముఖం మీద అన్నానో ఆ మాటను, మొదటిసారి రుచి చూసుకుంటూ అన్నాను.

"అయితే తమరు నాన్‌లోకల్ అండీ."

ఆయన ఒక్క నిమిషం మా మేడమ్‌నే చూశారు. తెలివైనవాడు, అప్పటికి అర్థమైపోయింది.

"మరి ఈ అమ్మాయో? ఈవిడ ఖరగ్‌పూర్లో చదివిందని నాకు తెలియదనుకున్నారా? ఈవిడ మాత్రం లోకలా?"

ప్రిన్సిపాల్ గారు నావైపు చూశారు, ఆయనకు ఆ సంగతి తెలియదు. నూకరాజు తల దించుకున్నాడు. ఆవిడ లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకున్నారు.

"కాదండీ. నేనూ నాన్‌లోకలే. లోకల్ వాళ్ళు మాట్లాడుకోవాలి, మనం ఇక్కడుంటే బాగుండదు. రండి, ఇద్దరం బయట కూర్చుందాం."

తలుపు తీసి పట్టుకుని నిలబడ్డారు. ఆయనకు లేవక తప్పలేదు. ఆ రోజు నా డైరీలో ఉన్నది ఒకే లైను: కమిటీ సక్రమంగా జరిగింది. సక్రమంగా అన్న మాట కింద గీత ఉంది. నేను డైరీలో గీతలు పెట్టను.

కాగితాల పని అయిపోయింది కనుక కాసేపటికి నేనూ వరండాలోకి వచ్చాను. ఇద్దరూ అడ్మిషన్ల రోజుల్లో పిల్లలు కూర్చునే చెక్క బెంచీ మీద కూర్చున్నారు. క్యాంటీను నుంచి రెండు టీలు వచ్చాయి. ఆయన గ్లాసు ముట్టుకోలేదు.

"ఇంత కక్షా?" అన్నారు ఆయన.

"అవునండీ."

"ఒక ముక్క పగడం కోసం?"

"ముక్క కాదండీ. సీసా నీదే తీసుకెళ్ళు అన్నారు చూశారా, దానికి."

ఆయనకు గుర్తు రాలేదు. నేను ఆయన ముఖం బాగా చూశాను, నిజంగానే గుర్తు రాలేదు. ఆవిడ ఇరవై ఏళ్ళు నీళ్ళు పోసి పెంచిన చెట్టు ఆయన పెరట్లో విత్తనంగా కూడా లేదు. ఆవిడకూ అది తెలిసింది. ఒక క్షణం ఆవిడ చెయ్యి బెంచీ అంచును గట్టిగా పట్టుకుంది.

"పోనీ నీకేం మిగిలింది?" అన్నారు ఆయన. "నీ పేరూ పోయింది కదా. లోపల ఉంటే రెండో పేరుగానైనా నేనే వేయించేవాణ్ణి."

"మీరు బయట కూర్చుని ఉంటే చూడాలనుకున్నానండీ. లోపల ఉంటే కనపడదు కదా."

ఆయన లేచి, నాతో కూడా చెప్పకుండా కారు దగ్గరికి వెళ్ళిపోయారు. కారు గేటు దాటేదాకా ఆవిడ తల తిప్పలేదు. నేను పక్కనే నిలబడ్డాను. టీ చల్లారిపోతోంది మేడమ్ అన్నాను. ఆవిడ తన గ్లాసు తీసుకుని తాగారు.

ఇంతలో తలుపు తెరుచుకుని నూకరాజు వచ్చాడు. అతని చేతిలో సంతకాలైన కాగితం ఉంది.

"మేడమ్, నాకే ఇచ్చారండీ. వచ్చే నెలలో మొదలుపెట్టమన్నారు."

"మంచిది. ఆయన పేరు ఎక్కడైనా పెట్టారా? సలహాదారని, గౌరవమని, చివర్లో చిన్నక్షరాల్లో?"

"లేదు మేడమ్. మొత్తం చదివాను."

"నాది?"

నూకరాజు కాగితం వైపు చూశాడు, నావైపు చూశాడు. "అదీ లేదు మేడమ్."

ఆవిడ తల ఊపారు. ఆయన వదిలేసిన గ్లాసు బెంచీ మీద అలాగే ఉంది, పైన మీగడ కట్టింది. దాన్ని దగ్గరికి తీసుకుని, మీగడను చిటికెన వేలితో పక్కకు నెట్టి, తొందర లేకుండా, అడుగు కనిపించేదాకా ఆ టీ కూడా తాగేశారు.